తుక్కుకు రాని డబ్బా

యోహాను తాళం తిప్పగానే లారీ పెద్దపెట్టున గర్జించింది. గ్యాసుతో నడిచే తన బండి అంత చప్పుడు చెయ్యడం అతను ఎన్నడూ వినలేదు. గొల్లపూడి దగ్గర హోటలు ముందు బండి ఆపి, ఇడ్లీ తిని, టీ తాగి వచ్చేలోపు జరిగిన పని అది. దిగి, వంగి చూశాడు. బండి కడుపు కింద రెండు గొట్టాలు కొత్తగా కోసిన తెల్లటి అంచులతో వేలాడుతున్నాయి. మధ్యలో ఉండాల్సిన డబ్బా లేదు.

కాగితాల్లో దాన్ని కేటలిటిక్ కన్వర్టరు అని రాస్తారు. విజయవాడ ఆటోనగర్లో పొగడబ్బా అంటారు. దాని లోపల తేనెపట్టులాగా సన్నటి గదులుంటాయి. ఆ గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం పూత పూస్తారు. ఇంజను విడిచిన విషవాయువులు ఆ పూతను తాకి, విషం విరిగి బయటికి పోతాయి. సముద్రాల అవతల గనులు ఒకటొకటిగా మూతపడ్డాక ఆ పూత ముందు బంగారం చవకైపోయింది. పాత లారీ మొత్తాన్ని తుక్కుకు అమ్మినా రాని డబ్బు దాని పొగడబ్బా ఒక్కదానికే వచ్చేది. పోయినదాని స్థానంలో కొత్తది కొనాలంటే మాత్రం, దొంగకు ముట్టినదానికి నాలుగింతలు పెట్టాలి. డబ్బా లేకుండానే తిప్పుకుందామంటే హైవేల మీద పొగగేట్లు వచ్చాయి. గేటు కింద బండి ఆగగానే పైనున్న యంత్రం పొగ వాసన పట్టి చూస్తుంది. డబ్బా లేని బండికి అడ్డకర్ర లేవదు.

యోహాను లారీని కానూరులో తన ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెట్టేశాడు. ఆ వేసవంతా అది అక్కడే ఎండింది. అతను పొద్దున్నే లేచి దాని అద్దాలు తుడిచేవాడు. తుడవడానికి ఏమీ మిగలక, తుడిచినవే మళ్ళీ తుడిచేవాడు.

పై వాటాలో అతని చెల్లెలు సువార్త ఉండేది. ఊరి చివర పింగాణీ విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఆమె రసాయన శాస్త్రవేత్త. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేది. నలభై దాటాక ఎత్తడం వాళ్ళే మానేశారు.

"అన్నయ్యా, నేను సర్దుతాను. కొత్తది కొనుక్కో," అంది ఒకరోజు.

"కొని? మళ్ళీ ఇంకోడు కోసుకుపోతాడు. అంత సొమ్ము బండి కింద కట్టుకుని తిరగటమంటే, మెళ్ళో గొలుసు తీసి రోడ్డు మీద పెట్టి పడుకోవటమేగా." యోహాను గుడ్డ పిండి ఆరేశాడు. "దొంగ ముట్టుకోని డబ్బా ఏదన్నా ఉంటే చెప్పు, కొంటాను."

వదిన రూతు గడప మీద కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. "ఆ చదువులన్నీ చదివింది నువ్వేగా సువార్తా. చెయ్యరాదూ?" అంది. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది.

సువార్త ఆ మాటను లాబొరేటరీకి తీసుకెళ్ళింది.

ఆమె నికెల్‌ను పట్టుకుంది. చవకైన లోహం. పొడి చేస్తే ప్లాటినం చేసే పనిలో చాలా భాగం చేస్తుంది. కాకపోతే కొలిమిలాంటి ఇంజను వేడికి గడ్డకట్టి చచ్చుబడిపోతుంది. పింగాణీకి వాడే తెల్లమట్టిలో ఆ పొడిని కలిపి, పొరమీద పొరగా పూసి, కాల్చి చూసింది. పూతలు పెచ్చులూడిపోయాయి. మట్టి పాళ్ళు మార్చింది. మళ్ళీ ఊడిపోయాయి. వానాకాలం సగం గడిచేసరికి ఊడని పూత ఒకటి దొరికింది. లాబొరేటరీలో ఇంజనుకు బిగించి రేయింబవళ్ళు నడిపారు. అటునుంచి వచ్చిన గాలి శుభ్రంగా ఉంది.

కంపెనీ యజమాని పరాంకుశం ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "దీన్ని తుక్కుకు అమ్మితే ఏమొస్తుందమ్మా?"

"ఏమీ రాదు సార్. చెత్తలో వేసుకోవాల్సిందే."

ఆయన ముఖం విప్పారింది. "ఈ ముక్కే గోడల మీద రాయించాలి."

మొదటి డబ్బా యోహాను లారీకే బిగించారు. గేటు దగ్గర అడ్డకర్ర లేచినప్పుడు అతను హారన్ ఆపకుండా కొట్టాడట. రూతు ఫోన్లో ఆ హారన్ వింటూ వంటింట్లో ఏడ్చింది. ఏడాది తిరక్కుండా కృష్ణా, గుంటూరు, పల్నాడు గ్యాసు లారీలన్నింటి కింద నికెల్ డబ్బాలే కనబడ్డాయి. దొంగలు మొదట్లో తెలియక కోసి, ఎక్కడా అమ్ముడుపోక కాలవ గట్ల మీద పారేసి పోయారు. తర్వాత కొయ్యడమే మానేశారు.

ఆటోనగర్లో తుక్కు వ్యాపారి మీరావలి ఒకసారి ఆమెను దారిలో ఆపాడు. అతని పక్కన తమ్ముడు బాజీ ఉన్నాడు. ఇనుము కొయ్యడంలో వాడికి మంచి పేరు. "ఏం సువార్తమ్మా, మా నోట్లో మట్టి కొట్టావు గదా," అన్నాడు మీరావలి.

"మంచి పని దొరుకుతుందిలే మీరావలీ."

"దొరికింది, దొరికింది. ఇప్పుడు మావోడు తలుపులు, కిటికీలు వెల్డింగు చేస్తన్నాడు. అమ్మ కూడా సంతోషంగా ఉంది, పోలీసుల భయం లేదని." అన్నదమ్ములిద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ ఏడాది ఆమె బాగా నిద్రపోయింది.

రెండో చలికాలంలో యోహానుకు దగ్గు పట్టుకుంది. మొదట తలనొప్పి అన్నాడు. అది తగ్గింది. మర్నాటికి ఛాతీ పట్టేసినట్టయి, మెట్టెక్కితే ఆయాసం వచ్చింది. ఆస్పత్రిలో నిమ్ము చేసిందన్నారు. మందులకు కొంచెం నెమ్మదించి ఇంటికొచ్చాడు. తిరిగి బండెక్కాడు. మళ్ళీ మంచాన పడ్డాడు. ఈసారి ఆక్సిజన్ సిలిండరు వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"లారీ స్టాండులో ఇంకా ముగ్గురికి ఇట్టాగే ఉందంట," అంది రూతు అన్నం కలుపుతూ. "దుమ్ము అంటన్నారు. ఇన్నేళ్ళు లేని దుమ్ము ఇప్పుడెక్కడిది?"

ముద్ద నోటి దాకా తీసుకెళ్ళిన సువార్త చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె ఖాళీ స్థలంలోకి వెళ్ళింది. మంచు పడుతోంది. యోహాను బదులు కుదుర్చుకున్న డ్రైవరు బండి ఎక్కబోతున్నాడు. డ్రైవర్లందరికీ ఒక అలవాటు ఉంది. చలికి ఇంజను వేసి వదిలి, అది కాగేదాకా బండి వెనకే నిలబడి పళ్ళు తోముకుంటారు. ఆమె అతన్ని దూరంగా పొమ్మని, గొట్టం నుంచి వచ్చిన మొదటి పొగను సంచీలో పట్టుకుంది.

లాబొరేటరీలో ఒక సన్నటి గాజుగొట్టాన్ని మధ్యలో మంటతో ఎర్రగా కాల్చి, ఆ పొగను మెల్లగా అందులోంచి పోనిచ్చింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత, మంట తగులుతున్న చోట గాజు లోపలివైపు మసకబారింది. ఆ మసక మెరుగెక్కింది. చివరికి అక్కడ అద్దం తయారైంది. అందులో ఆమెకు తన కన్ను కనబడింది.

ఆమె మంట ఆర్పేసింది. చల్లటి నికెల్ పొడిని ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు తాకితే నికెల్ కూడా వాయువై లేచిపోతుంది. దానికి రంగు లేదు. పీల్చినవాడికి ముందు తలనొప్పి, తర్వాత ఒక పూట ఏమీ ఉండదు, ఆ తర్వాత ఊపిరితిత్తులు ఉబ్బుతాయి. బాగా వేడి తగిలితే అది విడిపోయి మళ్ళీ నికెల్‌గా మారి గాజుకు అంటుకుంటుంది. కాగిన ఇంజన్లతో చేసిన పరీక్షల్లో అందుకే దొరకలేదు. కొత్త డబ్బాల్లో దొరకకపోవడానికి కారణం మట్టి. ఆ మట్టి నికెల్‌ను గట్టిగా పట్టి ఉంచింది. గతుకుల రోడ్ల మీద ఏడాది ఊగాక మట్టి పగిలింది, నికెల్ బయటపడింది.

ఇవన్నీ ఆమె చదువుకున్నవే. చల్లటి పొద్దున లారీ వెనక మనిషి నిలబడి ఉంటాడని మాత్రం లాబొరేటరీలో ఎవరికీ తట్టలేదు.

పరాంకుశం ఆ గాజుగొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "గేటు పరీక్షలో నెగ్గుతున్నాయి గదమ్మా."

"గేటు దాకా వచ్చేసరికి ఇంజను కాగిపోయి ఉంటుంది సార్. ఊళ్ళో, ఇంటి ముందు, పొద్దున్నే..."

"ఎన్ని బిగించాం?"

"ఇరవై వేల పైనే."

"అన్నింటికీ ప్లాటినం డబ్బాలు కొనివ్వాలంటే ఈ కంపెనీని, నన్ను, నా పిల్లల్ని అమ్మినా చాలదు." కోపంగా అనలేదు. ఆ మాటతో ఆయన కుర్చీలో ముసలివాడైపోయాడు. "కొత్తవి చెయ్యడం ఇవాళే ఆపేద్దాం. బిగించినవి ఊరికే ఊడదీసి తీసుకుంటామని చెబుదాం. ఎవరొస్తారో చూద్దాం."

ఎవరూ రాలేదు. అధికారులు పరిశీలిస్తామన్నారు. సువార్త ఇబ్రహీంపట్నం లారీ స్టాండుకు వెళ్ళి, టీ కొట్టు బెంచీ మీదికెక్కి చెప్పింది. డ్రైవర్లు మర్యాదగా విన్నారు. ఆమె అంటే వాళ్ళకు గౌరవం. చివరికి ఒక పెద్దాయన లేచాడు.

"అమ్మా, ఇప్పుడు ఆ డబ్బా తీసేస్తే గేటెట్టా దాటాలి?"

"ప్లాటినందే కొనాలి బాబాయ్."

"దానికి పెట్టే డబ్బుంటే నీ డబ్బా ఎందుకు కొంటామమ్మా? పొగ తాగితే ఎప్పటికో పోతాం. బండి ఆగితే ఈ నెల్లోనే పోతాం."

"పోనీ, ఇంజను కాగేదాకా దూరంగా నిలబడండి."

"అట్టాగేనమ్మా," అన్నారందరూ. మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ వెళ్ళి చూసింది. మంచులో బండ్లు వరసగా గుర్రుమంటూ కాగుతున్నాయి. వాటి వెనకే, ఆ వెచ్చదనంలో, డ్రైవర్లు బ్రష్షులతో నిలబడి మాట్లాడుకుంటున్నారు. స్టాండు పక్కనే ఎలిమెంటరీ స్కూలు గోడ ఉంది.

ఆ సాయంత్రం ఆమె అన్న మంచం పక్కన కూర్చుంది. జరిగింది అప్పటికే అతనికి చెప్పింది. అతను ఆమెను ఒక్క మాట అనలేదు. సిలిండరు గొట్టం ముక్కులోంచి తీసి, మాటకో ఊపిరి చొప్పున మాట్లాడాడు.

"పాత డబ్బాలు... నీకు గుర్తుందా? పాడైనా, పగిలినా... ఒక్కటీ రోడ్డున పడేది కాదు. ఎవడో ఒకడు... తుక్కు కొట్టుకు చేర్చేవాడు." దగ్గాడు. "నీదాన్ని... దొంగ కూడా ముట్టుకోడు."

అతను ఆ మాటలో ఏ ఆలోచనా పెట్టలేదు. అయినా సువార్త అక్కణ్ణుంచి లేచేసరికి ఆమె మనసులో పని మొదలైపోయింది.

మీరావలి కొట్టు ముందు రేకుల పందిరి కింద పాత రేడియేటర్లు గుట్టగా పడి ఉన్నాయి. ఆమె స్టూలు మీద కూర్చుని, నీళ్ళు తాగి, చెప్పింది. ఏడాది పైగా తిరిగిన నికెల్ డబ్బాల్లో లోపలి లోహం మారుతోందని తేలిందట. బయటి కంపెనీ ఒకటి ఎంతకైనా కొంటానంటోందట. బాగా నడిచినదానికి పాత ప్లాటినం డబ్బాలో సగం ధర.

మీరావలి కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "చెత్తకే పనికొస్తదని నీ నోటితోనే అన్నావు గదమ్మా."

"కొత్తదైతే అంతే. నడిచే కొద్దీ లోపల మారుతోంది. నేనే పరీక్ష చేశాను."

అది అబద్ధం కాదు. ఆ మాట పలికేటప్పుడు ఆమె గొంతు వణక్కపోవడానికి కారణం అదే కావచ్చు.

"ఒట్టేనా?"

"ప్రభువు సాక్షిగా."

ఆమె చేతిసంచీలోంచి ఒక కవరు తీసి అతని ముందు పెట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దాచుకున్నది. "బయానా. వాళ్ళు పంపారు. ఎన్ని వచ్చినా తీసుకో. ఎవరి దగ్గర్నుంచో అడగొద్దు."

మీరావలి లోపలికి తిరిగి కేకేశాడు. "ఒరే బాజీ, ఆ కిటికీ పక్కన పెట్టి ఇట్రా."

సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేలోపు మూడు జిల్లాల్లో నికెల్ డబ్బాలు మాయం కాసాగాయి. టీ తాగి వచ్చేలోపు, సరుకు దించుకునేలోపు, రైల్వే గేటు దగ్గర బండి నిలిచేలోపు. ఒక తుక్కు కొట్టు కొంటోందని విని మిగతా కొట్లూ ఎగబడి కొన్నాయి. ఎందుకు కొంటున్నారో ఎవరికీ తెలియదు. ధర ఉందని మాత్రం తెలుసు. కొందరు యజమానులు దొంగకు పోనివ్వడమెందుకని తామే ఊడదీసి అమ్ముకున్నారు. స్టాండులో పొద్దుటి పొగలు పలచబడ్డాయి. బండ్లు కూడా పలచబడ్డాయి. లోడుకు కుదిరిన కూలీలు సంచులు నెత్తిన పెట్టుకుని ఇళ్ళకు పోయారు. ఒక డ్రైవరు కుటుంబం సామాను ఆటోలో వేసుకుని ఊరు వదిలిపోతుంటే సువార్త బస్సులోంచి చూసింది. పక్క సీటులో ఎవరో, "ఎవడు పుట్టించాడో ఈ తుక్కు పిచ్చి, వాడి కడుపు కాల," అన్నారు.

ఆ చలికాలం ఆస్పత్రికి కొత్తగా దగ్గుతో వచ్చే డ్రైవర్లు తగ్గారు. అది ఆమె ఒక్కతే గమనించింది.

ఒకరోజు మధ్యాహ్నం యోహాను లారీ డబ్బా కూడా పోయింది. రూతు రోడ్డు మీద నిలబడి వచ్చేపోయేవాళ్ళకు వినబడేలా శాపనార్థాలు పెట్టింది. డ్రైవరు తెచ్చి ఇచ్చే బాడుగ మీదే ఆ ఇంట్లో సిలిండరు మారేది. సువార్త ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. "సిలిండరు సంగతి నేను చూసుకుంటాను వదినా," అంది.

ఆ మాట అన్న తీరులో ఏముందో, మంచం మీంచి యోహాను ఆమె వైపు తిరిగాడు. సిలిండరు గొట్టం ముక్కులోంచి తీశాడు.

"నువ్వేనా?"

ఆమె తలదించుకుంది.

"మొదట మా ఊపిరి," అన్నాడతను. గాలి అందుకున్నాడు. "ఇప్పుడు... మా కూడు."

"అన్నయ్యా, ఇంకెవరికీ నీలా కాకూడదనే..."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె గదిలోకి వస్తే కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు. వేసవి మొదట్లో ఒక పొద్దున ఆ కళ్ళు మళ్ళీ తెరవలేదు. మట్టి వేసేటప్పుడు స్టాండు నుంచి చాలామంది డ్రైవర్లు వచ్చారు. ఆమెకు చేతులు జోడించి, "మాకోసం కష్టపడ్డ మనిషివమ్మా," అన్నారు. ఆమె ఆ చేతుల్ని కిందికి దించలేక నిలబడిపోయింది.

సమాధి మీద మట్టి ఇంకా ఆరకముందే ఆ కబురు వచ్చింది. కొండపల్లి దగ్గర ఒక గోడౌను ముందు, లారీ కింద పడుకుని డబ్బా కోస్తుండగా జాకీ జారింది. కింద ఉన్నది బాజీ.

మూడోరోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక సువార్త మీరావలి ఇంటికి వెళ్ళింది. ఇల్లు, కొట్టు ఒకే ఆవరణలో ఉంటాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. లోపల ఆడవాళ్ళ మధ్య ముసలి తల్లి గొంతు గీరుకుపోయి వినబడుతోంది. పందిరి కింద రేడియేటర్లు లేవు. వాటి చోట నికెల్ డబ్బాలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. మీరావలి వాటికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది.

ఆమె కూడా నేల మీదే కూర్చుంది.

"మీరావలీ, వీటిని కొనేవాళ్ళు ఎవరూ లేరు. ఏ కంపెనీ లేదు. బయానా ఇచ్చింది నేనే." ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు గబగబా చెప్పింది. విషవాయువు సంగతి, స్టాండు సంగతి, ఎవరూ ఊడదీసి ఇవ్వకపోవడం, యోహాను అన్న మాట, అన్నీ చెప్పింది. "పోలీసుల దగ్గరికి వెళుతున్నాను. ముందు నీకు చెప్పాలని వచ్చాను. నన్నేం చేసినా సరే."

మీరావలి ఆమెను చూడలేదు. ఒక డబ్బాను ఒళ్ళోకి తీసుకుని, కోసిన అంచు మీద బొటనవేలు రాస్తున్నాడు.

"కరిగించి చూశా," అన్నాడు చివరికి. "పోయిన నెల్లోనే. ఏమీ రాలా. నాకు కరిగించటం చేతకాలేదేమో అనుకున్నా. నువ్వు ఒట్టేశావు గదా."

అతను ఒళ్ళో డబ్బాను కింద పెట్టాడు.

"ఇంకా ఎన్ని ఉన్నయ్ బయట?"

"సగం పైనే వచ్చేశాయి. ఇంకా ఏడెనిమిది వేలు ఉంటాయి."

లోపల తల్లి ఏదో అడిగింది. ఎవరో సర్దిచెప్పారు. మీరావలి ఆ గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మా అమ్మ ఏమంటందో తెలుసా? నా బిడ్డ బంగారంలాంటి మాలు కోసం పోయాడు, ఊరికే పోలేదు, అంటంది. వచ్చినోళ్ళందరికీ అదే చెబతంది." ఆమె వైపు తిరిగాడు. "నువ్విప్పుడు పోలీసులకు చెప్పు. రేపు పేపర్లో వస్తది. చెత్త కోసం లారీ కింద పడి చచ్చాడు మీరావలి తమ్ముడు. అదేనా నేను ఆమెకు చదివి వినిపించాల్సింది?"

"మీరావలీ..."

"నువ్వెవరికీ చెప్పవు. నీ మనసు తేలికవటానికి నా ఇల్లు కావాలా? వద్దు. ఇందులో ధర ఉంది. నువ్వన్నావు, ఉంది. అట్టాగే ఉండాలి."

గేటు చప్పుడైంది. మోటారు సైకిలు మీద ఒక మనిషి వచ్చి, గోనెసంచీ దించి, లోపలి ఏడుపు విని తటపటాయించాడు. "భాయ్, తర్వాత రమ్మంటే వస్తాను. రెండు డబ్బాలున్నయ్."

మీరావలి నేలకు చెయ్యి ఆనించి లేచాడు. సంచీ విప్పి రెండు డబ్బాలనూ ఒక్కొక్కటిగా వెలుతురులో తిప్పి చూశాడు. వాటిని తీసుకెళ్ళి గోడలా పేర్చినవాటి పైన పెట్టాడు. జేబులోంచి డబ్బు తీసి లెక్కపెడుతూ, లోపలికి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు.

"ఇవాళ్టి నుంచి ధర పెరిగింది. నీకు తెలిసినోళ్ళందరికీ చెప్పు."